దంత చికిత్సలో లేసర్ కిరణాలు

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి" అన్నది మన తెలుగునాట అందరి నోటా నానే సామెత. చెడగొట్టుకొనదలచిన వానికి సాధనాన్ని ఎంచుకొనే పని లేదని దాని భావం. ఈ సామెతను తిరగవేసి చూస్తే వైద్యశాస్త్రానికి సంబంధించిన సత్యమొకటి బోధపడుతుంది. పన్ను ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా చాలును గాని, పన్నును నిలుపుకోవడానికి మాత్రం సాధనాన్ని ఎరిగి వాడవలసి ఉంటుంది. ఆ సాధనం రాయి కాక వెలుగే అయినప్పటికీ ఈ నియమం తప్పదు.

నేడు పట్టణాలలోని పెక్కు దంతవైద్యశాలల పేరుపలకల మీద "లేసర్ చికిత్స" అనే మాట కనిపిస్తున్నది. ఆ మాట చదవగానే కొందరికి నొప్పి లేని వైద్యం లభించునన్న ఆశ, మరికొందరికి ఆ కిరణం నోటిలో దేనిని కాల్చునో అన్న భయం కలుగుతున్నాయి. ఆ ఆశకూ, ఆ భయానికీ గల ఆధారమెంతో విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు, తెలుగు బోధించే అధ్యాపకుడు. అయినను రోగి భాషలో చెప్పని శాస్త్రం రోగికి అక్కరకు రాదు గనుక ఈ ప్రయత్నం అసంగతం కాదని తలుస్తాను.

సాధనాల చరిత్ర

పంటి బాధ మానవజాతికి కొత్తది కాదు. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ వద్ద, నేటికి 7,500 నుండి 9,000 సంవత్సరాల నాటి శ్మశానవాటికలో, 9 మంది పెద్దల అస్థిపంజరాలలోని 11 దవడ పళ్ళకు రంధ్రాలు తొలిచిన గుర్తులు దొరికాయి. చెకుముకి రాతి మొనలతో ఆ పళ్ళను తొలిచి ఉంటారని 2006లో పరిశోధకులు వెల్లడించారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో స్పెయిన్ దేశంలోని కార్డోవాకు చెందిన వైద్యుడు అల్ జహ్రావీ తన 'అల్ తస్రీఫ్' అనే అరబ్బీ గ్రంథంలో పళ్ళ మీది గారను గీకే పనిముట్లను బొమ్మలతో సహా వర్ణించాడు. 1871లో అమెరికాలో జేమ్స్ మారిసన్ కాలితో తొక్కి నడిపే తొలిచే యంత్రాన్ని రూపొందించాడు. 1875లో జార్జ్ గ్రీన్ దానికి విద్యుచ్ఛక్తిని జోడించాడు. 1957లో జాన్ బోర్డెన్ ప్రవేశపెట్టిన యంత్రం గాలి ఒత్తిడితో నిమిషానికి 3 లక్షల చుట్లు తిరిగింది.

చెకుముకి రాయి నుండి గాలి యంత్రం వరకు వేగం పెరిగింది గాని, పని జరిగే పద్ధతి మారలేదు. గట్టి మొన ఒకటి పంటిని తాకి, ఒరసి, అరగదీయడమే ఆ పద్ధతి. ఒరపిడి ఉన్న చోట అదురు, వేడి, చప్పుడు తప్పవు. ఆ చప్పుడు చెవిని పడగానే రోగి కుర్చీ చేతులను బిగించి పట్టుకుంటాడు. ఈ భయం చిన్న విషయం కాదు. పన్ను మీద నల్లని చుక్క కనిపించిన నాడే వైద్యుని వద్దకు పోవలసిన వారు, ముఖం వాచి, రాత్రి నిద్ర కరువైన తరువాత పోతున్నారు. అప్పటికి పన్ను తీసివేయక తప్పని స్థితి ఏర్పడుతున్నది. అందుచేత పంటిని తాకకుండ పని చేయగల సాధనం కోసం శాస్త్రజ్ఞులు అన్వేషించడం సహజమే.

లేసర్ అనగానేమి?

ఒక పరమాణువు శక్తిని గ్రహించి ఉత్తేజిత స్థితిలో ఉన్నప్పుడు, తగిన శక్తి గల కాంతి కణం దాని చెంతకు వస్తే, ఆ పరమాణువు అచ్చంగా అటువంటి కాంతి కణాన్నే మరొకదానిని విడుదల చేస్తుందని 1917లో ఐన్‌స్టీన్ సిద్ధాంతీకరించాడు. ఒకటి రెండై, రెండు నాలుగై వెలుగు వృద్ధి పొందుతుంది. దీనికే ఉత్తేజిత ఉద్గారమని పేరు. ఈ సిద్ధాంతం యంత్రరూపం దాల్చడానికి 43 సంవత్సరాలు పట్టింది. 1960 మే 16న అమెరికాలోని కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ ఒక కెంపు కడ్డీ నుండి మొట్టమొదటి లేసర్ కిరణాన్ని వెలువరించాడు. దాని తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. అనగా అది కంటికి కనిపించే ఎర్రని వెలుగు.

దీపపు వెలుగులో అనేక వర్ణాలు కలిసి ఉంటాయి, అది అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. లేసర్ వెలుగు దాదాపు ఒకే వర్ణం కలది. అది చెదరక ఒకే దిశగా సాగుతుంది. దాని తరంగాలన్నీ కవాతు చేసే సైనికుల వలె అడుగు కలిపి నడుస్తాయి. అందువలన దానిని సూదిమొనంత చోట కేంద్రీకరించవచ్చును. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు చూసే ఎర్రని లేసర్ కిరణం ఈ కుటుంబంలోనిదే. కాని దాని శక్తి అత్యల్పం.

వెలుగు ఇంకిన చోటనే పని

కాంతి ఒక పదార్థం మీద పడినప్పుడు నాలుగు విధాలుగా ప్రవర్తిస్తుంది. కొంత వెనుకకు మరలుతుంది, కొంత లోపల చెదరుతుంది, కొంత దాటిపోతుంది, కొంత ఇంకిపోతుంది. ఇంకిపోయిన భాగమే వేడిగా మారి పని చేస్తుంది. దీనినే శోషణం అంటారు. ఏ పదార్థం ఏ తరంగదైర్ఘ్యాన్ని శోషించుకొంటుందో అది ఆ పదార్థపు స్వభావాన్ని బట్టి ఉంటుంది. లేసర్ వైద్యమంతయు ఈ ఒక్క సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

ఇక పంటి నిర్మాణాన్ని చూద్దాం. పైనున్న పింగాణి పొర శరీరంలోకెల్ల గట్టి పదార్థం. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, నీరు అతి స్వల్పం. దాని అడుగున ఉన్న డెంటీన్ పొరలో సుమారు 70 శాతం ఖనిజం, 10 శాతం నీరు ఉంటాయి. అన్నిటికంటె లోపల నరాలు, రక్తనాళాలు గల మెత్తని దంతమజ్జ ఉన్నది. పన్నుకు ప్రాణం అదే. పిప్పిని తొలగించే సాధనం ఏదైనను పై రెండు పొరలలోనే పని ముగించి, ఈ మూడవదానిని బాధించక మరలి రావాలి. కష్టమంతా ఇక్కడే ఉన్నది.

తొలి ప్రయత్నాలు

కెంపు లేసర్ పుట్టిన నాలుగేళ్ళకే, 1964లో, లాస్ ఏంజిల్స్‌లో రాల్ఫ్ స్టెర్న్, రైడర్ సోగ్నెస్ అనే ఇద్దరు పరిశోధకులు ఊడదీసిన పళ్ళ మీద ఆ కిరణాన్ని ప్రయోగించారు. పింగాణి కరిగి గాజు వలె మారింది, గుంట కూడ పడింది. 1965లో లియన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు సజీవమైన పన్ను మీద ఆ కిరణాన్ని రెండు మార్లు ప్రసరింపజేశాడు. ఆ పన్ను ఆయన సోదరుడు బెర్నార్డ్‌ది. బెర్నార్డ్ స్వయంగా దంతవైద్యుడు. ఆయనకు నొప్పి తెలియలేదు, పన్ను పైభాగం కొద్దిగా మాత్రమే చెడింది.

కాని పిప్పిని తొలచడానికి కావలసినంత శక్తిని వాడితే ఆ వేడి దంతమజ్జను చేరి దానిని చంపివేయునని తరువాతి ప్రయోగాలు చూపాయి. అదే 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్ళ మీద చేసిన పరీక్షలలో, మజ్జ ఉష్ణోగ్రత 5.5 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినంత మాత్రాన సుమారు 15 శాతం పళ్ళలో మజ్జ కోలుకోలేకపోయింది. ఎర్రని వెలుగును పింగాణి బాగుగా శోషించుకొనదు. అది పైపొరలో నిలువక లోనికి చొరబడుతుంది. పైన పని జరగాలంటే శక్తి పెంచాలి, శక్తి పెంచితే లోపల చేటు. ఈ చిక్కు వలన పాతికేళ్ళ పాటు గట్టి పంటి మీద లేసర్ వైద్యం ప్రయోగశాలను దాటి రాలేదు. వెలుగు శక్తిమంతమైనంత మాత్రాన ప్రయోజనం లేదు, అది తగిన వెలుగు కావాలని ఆ పాతికేళ్ళు నేర్పాయి.

తగిన వెలుగు దొరికిన విధం

ఈ లోపల ఇతర లేసర్లు పుట్టుకొచ్చాయి. మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన భారతీయ శాస్త్రజ్ఞుడు కుమార్ పటేల్, 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ లేసర్‌ను కనుగొన్నాడు. దాని తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. నీటిలో ఇది బాగుగా ఇంకుతుంది గనుక, నీరు అధికంగా ఉండే చిగుళ్ళు, నాలుక, బుగ్గ లోపలి పొర వంటి మెత్తని భాగాలను కోయడానికి తగినదైనది. ఆ ఏడే అదే ప్రయోగశాలలో నియోడిమియం యాగ్ లేసర్ రూపొందింది. సన్నని గాజు తీగ గుండా నోటిలోనికి పంపగల ఈ కిరణానికి 1990లో అమెరికా ప్రభుత్వ సంస్థ దంతవైద్యంలో మెత్తని భాగాల చికిత్సకు అనుమతినిచ్చింది.

గట్టి పంటికి తగిన వెలుగు ఎర్బియం యాగ్ లేసర్. దాని తరంగదైర్ఘ్యం 2,940 నానోమీటర్లు. నీరు అత్యధికంగా శోషించుకొనే తరంగదైర్ఘ్యం సరిగా ఆ ప్రాంతంలోనే ఉన్నది. పింగాణిలో ఉన్న స్వల్పమైన నీరే ఇక్కడ వైద్యునికి తోడ్పడుతుంది. జర్మనీలో హిబ్‌స్ట్, కెల్లర్ అనే పరిశోధకులు 1989లో ఈ సంగతిని వివరంగా నిరూపించారు. 1997 మేలో అమెరికాలో పిప్పి తొలగించడానికి దీనికి అనుమతి లభించింది.

ఇది పని చేసే తీరును మన ఇళ్ళలో పేలాలు వేయించే తీరుతో పోల్చవచ్చును. కాగిన మూకుడులో జొన్నలు పోస్తే గింజలోని తేమ ఒక్కమారుగా ఆవిరియై, బయటికి పోవడానికి వ్యవధి లేక గింజను పేలుస్తుంది. మూకుడును మెల్లగా వేడి చేస్తే తేమ ఆరిపోయి గింజ పేలక మాడిపోతుంది. ఎర్బియం కిరణం కూడ సెకనులో కొన్ని వేల వంతుల కంటె తక్కువ కాలం మాత్రమే నిలిచే స్పందనలుగా పడుతుంది. పంటిలోని తేమ తటాలున ఆవిరియై పిప్పి భాగాన్ని సూక్ష్మమైన రేణువులుగా ఎగురగొడుతుంది. వేడి చాలవరకు ఆ రేణువులతోనే వెళ్ళిపోతుంది. పైనుండి నీటి తుంపర చల్లుతూ మిగిలిన వేడిని అణచుతారు. పిప్పి పట్టిన భాగంలో ఆరోగ్యవంతమైన భాగంలో కంటె నీరు ఎక్కువ గనుక అది త్వరగా తొలగిపోవడం మరొక సౌకర్యం.

ఉపయోగాలు

పిప్పి తొలగించడంలో లేసర్‌కు గల ప్రధానమైన మేలు రోగికి కలిగే ఊరట. మొన తాకదు, అదురు ఉండదు, పెక్కు సందర్భాలలో మత్తు సూది అవసరం తగ్గుతుంది. సూదిని చూచి ఏడ్చే పిల్లల విషయంలో ఇది గణనీయమైన ప్రయోజనం.

చిగుళ్ళ చికిత్సలో డయోడ్ లేసర్ నేడు విరివిగా వాడుకలో ఉన్నది. 800 నుండి 980 నానోమీటర్ల వరకు గల ఈ కిరణాలను రక్తంలోని ఎర్రని పదార్థము, చిగుళ్ళలోని నల్లని వర్ణకము శోషించుకొంటాయి. పెరిగిన చిగురును కత్తిరించడానికి, నాలుక అడుగున బిగుసుకొని మాటకు అడ్డు వచ్చే పొరను విడదీయడానికి దీనిని వాడతారు. కోసిన చోటనే చిన్న రక్తనాళాలు మూసుకొని పోవడం వలన నెత్తురు అంతగా కారదు.

అల్పశక్తి గల లేసర్ కోయదు, కాల్చదు. 1967లో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బొచ్చు గొరిగిన ఎలుకల మీద ఎర్రని వెలుగును ప్రసరింపజేయగా, ఆ చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఆ పరిశీలన నుండి ఎదిగిన విధానం నేడు క్యాన్సర్ రోగులకు తోడ్పడుతున్నది. తల, మెడ భాగాలకు రేడియేషన్ చికిత్స పొందేవారికి నోరంతా పూసి మంచినీరు మింగడం కూడ దుర్భరమవుతుంది. చికిత్సాకాలంలో తగిన మోతాదులో ఈ వెలుగును వాడితే ఆ పుండ్ల బాధను నివారించవచ్చునని అంతర్జాతీయ వైద్య మార్గదర్శక సూత్రాలు సిఫారసు చేస్తున్నాయి. దంతవైద్యంలో లేసర్ చేసిన మేలులలో ఇది అన్నిటికంటె మానవీయమైనదని నా అభిప్రాయం.

పరిమితులు

లేసర్ సర్వరోగనివారిణి కాదు. వెండి రంగు గల పాత పూడికలను దీనితో తొలగించరాదు. లోహం కిరణాన్ని మరలగొడుతుంది, వేడెక్కితే అందులోని పాదరసం ఆవిరి కావచ్చును. పంటికి తొడుగు వేయడానికి అరగదీసే పనికి గాలి యంత్రమే తగినది. లేసర్‌తో పిప్పి తీయడానికి సాధారణంగా ఎక్కువ సమయం పడుతుంది. పరికరాల ఖరీదు వలన వ్యయం కూడ అధికం. గార తీయడంలో చేతి పనిముట్లకు, కంపన యంత్రాలకు లేసర్ తోడు రాగలదు గాని వాటి స్థానాన్ని ఆక్రమించలేదు.

2016లో కోక్రేన్ సంస్థ, పిప్పి తొలగించడంలో లేసర్‌ను తొలిచే యంత్రంతో పోల్చిన 9 అధ్యయనాలను, వాటిలోని 662 మంది రోగుల వివరాలను సమీక్షించింది. లేసర్ వాడినప్పుడు నొప్పి, మత్తుమందు అవసరం తగ్గుతున్నట్లు కనిపించినా, పిప్పిని తొలగించడంలో అది మేలైనదని చెప్పడానికి తగిన ఆధారం లేదని ఆ సమీక్ష తేల్చింది. కనుక లేసర్ లేని వైద్యుడు తక్కువ వైద్యుడని ఎవరూ భావించరాదు.

ఒక భ్రమను ఇక్కడ తొలగించవలసి ఉన్నది. పంటి రంగులో ఉండే పూడికను గట్టిపరచడానికి వైద్యుడు నోటిలో నీలి వెలుగు గల చిన్న దీపాన్ని పెడతాడు. పెక్కుమంది దీనినే లేసర్ అనుకొంటారు. నేడు వాడే ఆ దీపం సాధారణంగా 470 నానోమీటర్ల ప్రాంతపు వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. మాత్రమే. అది పూడికను బిగిస్తుంది, పిప్పిని తొలగించదు. దానిని లేసర్ అని చెప్పి ఎవరైనా అదనపు రుసుము అడిగితే ప్రశ్నించే హక్కు రోగికి కలదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. జర్దా, గుట్కా, పొగాకు నమిలేవారి బుగ్గ లోపల ఒక్కొక్కప్పుడు తెల్లని మచ్చలు ఏర్పడతాయి. వాటిలో కొన్ని క్రమంగా క్యాన్సర్‌గా మారవచ్చును. లేసర్‌తో అటువంటి మచ్చను ఒక్క కూర్చుండులో ఆవిరి చేయవచ్చును. కాని ఆవిరియైన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం ఎవరి తరమూ కాదు. కనుక ముందుగా చిన్న ముక్కను తీసి పరీక్షకు పంపి, ఫలితం తెలిసిన తరువాతనే చికిత్సకు పూనుకోవాలి. మచ్చ పోయిందన్న తృప్తితో జబ్బును గుర్తించే అవకాశాన్ని పోగొట్టుకొంటే పోయేది పన్ను కాదు, ప్రాణం.

జాగ్రత్తలు

లేసర్ గదిలో మొదటి జాగ్రత్త కంటికి సంబంధించినది. 400 నుండి 1,400 నానోమీటర్ల వరకు గల కిరణాలు కంటిలోని కటకం గుండా దూరి వెనుకనున్న రెటీనాను కాల్చగలవు. కార్బన్ డయాక్సైడ్, ఎర్బియం కిరణాలు కంటి పైపొరను దెబ్బతీస్తాయి. పెక్కు కిరణాలు కంటికి కనిపించవు గనుక ప్రమాదం ముందుగా తెలియదు. అందుచేత రోగి, వైద్యుడు, సహాయకురాలు, తోడు వచ్చిన బంధువు సైతం ఆ తరంగదైర్ఘ్యానికి ప్రత్యేకించిన కళ్ళద్దాలు ధరించాలి. చల్లని నల్లద్దాలు ఇందుకు పనికిరావు. మెరిసే లోహపు పనిముట్ల మీద కిరణం పడి మరలకుండ చూడాలి. కణజాలం నుండి లేచే పొగను పీల్చివేసే యంత్రం ఉండాలి. అన్నిటికంటె ముందు, యంత్రాన్ని కొన్నంత మాత్రాన చాలదు, దానిని వాడే శిక్షణ వైద్యునికి ఉండాలి.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు రేపు మీ ఇంటి పెద్దలకు తోడుగా వైద్యశాలకు పోవలసినవారు. "లేసర్ చికిత్స" అన్న మాట వినబడినప్పుడు వినయంగా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకపు లేసర్? మా నోటిలోని ఏ భాగానికి వాడుతున్నారు? పాత పద్ధతి కంటె దీని వలన మాకు కలిగే లాభమేమిటి? విద్య గల వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషంగా బదులు చెప్పగలడు. బదులు రాని చోట తొందరపడి ఒప్పుకోనవసరం లేదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక మనవి. ఏటా ఒకసారి విద్యార్థులందరికీ దంత పరీక్ష జరిపించే ఏర్పాటు చేయగలిగితే, లేసర్ అవసరమే రాని స్థితిలోనే అనేక పళ్ళను కాపాడవచ్చును. అద్దము, మంచి వెలుగు, అనుభవజ్ఞుడైన వైద్యుడు ఉంటే ఆ పరీక్షకు చాలును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లేసర్ కిరణం వైపు నేరుగా చూడరాదన్న హెచ్చరికను తెలుగులోను, ఉర్దూలోను గోడకు వ్రాయించడం కూడ ఉచితం.

వేపపుల్ల అయినా, మిస్వాక్ అయినా, బ్రష్ అయినా రాత్రి పడుకొనబోయే ముందు పళ్ళు శుభ్రం చేసుకొనేవారికి, నల్లని చుక్క కనిపించిన నాడే వైద్యుని చేరేవారికి ఖరీదైన కిరణాలతో పని తక్కువ. ఆపైన కూడ అవసరం పడితే విజ్ఞానశాస్త్రం మనకు వెలుగునే పనిముట్టుగా చేసి ఇచ్చింది. పన్ను ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా చాలును. పన్ను నిలుపుకోవడానికి ఏ వెలుగైనా చాలదు. తగిన వెలుగు, తగిన చోట, తెలిసిన చేతిలో ఉన్నప్పుడే అది వైద్యమవుతుంది.